ముగ్గుపిండిలో నంబరు

మొదటిసారి బెజవాడ నించి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ మూత
క్లిప్పులకి అందలేదు.
రెండోసారి వచ్చింది అందింది గానీ
లోపల రోటరు కూర్చోలేదు.
రెండు అట్టపెట్టెలూ డాష్‌బోర్డు మీదే ఉన్నాయి,
బస్సు క్లీనరు స్కెచ్ పెన్నుతో రాసిన
పాలకొల్లు అన్న వంకర అక్షరాలతో.

మూడోసారి ఫోను తీయబోతే
యేసుపాదం స్పానరు అడ్డం పెట్టాడు.
"ఆగండి మేడంగారూ.
బండి పేరు చెప్పి సామాను తెప్పించడవంటే
సంతలో నిలబడి 'ఒరే అబ్బాయ్' అని కేకెయ్యడవే.
పదిమంది తిరుగుతారు,
మనోడు తిరగడు."

నాది రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే పని.
చీకటుండగానే గట్లమ్మట తిరిగి
సీసాలు నింపి
ఎండెక్కేలోపు ల్యాబుకి చేర్చాలి.
నాలుగు రోజులయింది,
నరసాపురం కాలవ పక్క రేకుల షెడ్డులో
మారుతీ వ్యాను దగ్గుతుందే గానీ అంటుకోదు.
నా సీసాలు మా తోటికోడలి మోపెడ్ మీద
గలగలమంటూ ఊరేగుతున్నాయి.

ముందు సీటు ఎత్తాడు.
కింద ఇంజిను,
దాని మీద ఏ వరదదో ఎండిన ఒండ్రు,
ఒక వేరుశనగ పొట్టు, ఒక పావలా,
ఎవరిదో పిన్నీసు.
కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు, బ్రష్షుతో గీకాడు,
టార్చి పెట్టాడు.
గీతలున్నాయి. అంకెలు లేవు.

"సూర్యకాంతంగారూ, గుప్పెడు ముగ్గుపిండి!"
పక్క టిఫిన్ బండి దగ్గర
పెసరట్టు తిరగేస్తున్నావిడ తల తిప్పింది.
"ఇంజినుకి ముగ్గేంట్రా,
పండగొచ్చిందా దానికి?"
అంటూనే కొబ్బరిచిప్పలో తెచ్చింది.

పిండి చల్లి, బొటనవేలితో రుద్ది,
మెల్లిగా ఊదాడు.
నల్లటి ఇనుములోంచి తెల్లగా
ఒక్కో అంకే లేచి కూర్చుంది.
నేను చదువుతుంటే
సుద్దముక్కతో తలుపు మీద రాసుకున్నాడు.
అది మూడో ఎనిమిదో తేలక
ఇద్దరం తలలు ఆనించి చూశాం.
సూర్యకాంతం అట్లకాడతోనే వంగి
"ఎనిమిదే" అని తేల్చేసింది.

ఆర్‌సీ పుస్తకం తెరిచాను.
మొదటి రెండక్షరాలే కలిశాయి.
ఆ తర్వాత అది వేరే ఊరు.

"ఆయ్, అదన్నమాట," అన్నాడు యేసుపాదం,
"బస్తా మీద పదిపది అని ఉంది,
లోపల డెబ్బై ఇరవైతొమ్మిది పోశారు.
వడ్లయితే వండుకుని తినెయ్యొచ్చు.
ఇక్కడ నిప్పు పుట్టాలి గదండీ."

ఈ వ్యాను నాకమ్మిన కవిటం కంపౌండరు
చెయ్యి ఛాతీ మీద పెట్టి చెప్పాడు,
కంపెనీ బిగించిన నట్టు కూడా కదల్చలేదని.
అబద్ధమాడాడో,
ఆయనకీ ఎవరూ చెప్పలేదో.
తిట్టుకుందామంటే
ఆయన ఇచ్చిన జామకాయల సంచీ గుర్తొచ్చింది.

నేనే అడగలేదు.
లేబుల్ లేని సీసా ఎంత తేటగా ఉన్నా
చూడకుండా పారబోసే మనిషిని,
మూడేళ్ళు ఈ సీటు మీద కూర్చుని
కింద ఉన్నదేదో ఒక్కసారి ఎత్తి చూళ్ళేదు.

షాపతనికి నంబరు చదివాం.
అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.
"ఇది పాత రకం కదండీ, పాయింట్లది.
తీగలు మూత పైనించా, పక్కనించా?
కాయిలు మీద ఏం రాసుంది?
కండెన్సరు బయటా, లోపలా?"
ప్రతి ప్రశ్నకీ యేసుపాదం
తల లోపల పెట్టి, చూసి, బయటికొచ్చి చెప్పాడు.
తెలిసిందనుకున్నది కూడా
మళ్ళీ చూసే చెప్పాడు.

రేపు ఆరున్నర బస్సుకి వేస్తానన్నారు.
సరిపోతుందో లేదో రేపు గాని తెలీదు.
పుస్తకంలో నంబరు మార్పించాలంటే
భీమవరం ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్ళో.
"ముందు బండి లెగనీండి," అన్నాడతను,
చేతులు కడుక్కుంటూ.

అంకెల్లో పిండి అలాగే ఉంది. తుడవొద్దన్నాను.
మోపెడ్ వెనక కూర్చుని
ఒళ్ళో సీసా మీద రాశాను:
వీరవాసరం, నాలుగో చెరువు, తూర్పు తూము.
ఒక్క క్షణం ఆగి
తూర్పేనా అని
ఫోను చేసి అడిగాను.